కార్తీకం ముగిసినా మాంసం ముట్టలేదు... ఇంట్లో పరాయిదాన్నయ్యాను!

ప్రశ్న: నా వయసు 36. మాది కరీంనగర్ జిల్లా. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడ్డాం. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, పన్నెండేళ్ళ పాప, నేను. కోడి దుకాణం ముందు జాలీల్లో కుక్కిన కోళ్ళను చూసినప్పుడల్లా నాకు మనసులో ఏదోలా ఉండేది. పోయిన కార్తీకంలో అందరితో పాటు నీసు మానేశాను. నెల గడిచాక మళ్ళీ తినాలనిపించలేదు. అప్పుడే మా ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని, కాలేయానికి కొవ్వు పట్టిందని డాక్టర్ చెప్పారు. దాంతో ఇంట్లో చికెన్, మటన్ వండటం ఆపేశాను. నా గిన్నెలు వేరు చేసుకున్నాను. కనుమ నాడు ఆడబిడ్డ, ఆమె భర్త వస్తే మటన్ బదులు పనీర్ కూర పెట్టాను. ఆ రోజు నుంచి అత్తమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. "ఎవరి లెక్క బతుకుదామని ఈ ఏషాలు?" అంటుంది. మోకాళ్ళ నొప్పులతోనే ఆదివారం తనే నిలబడి వండుతుంది. మా ఆయన బయట బిర్యానీ తినొస్తున్నాడు. పాప కూడా నన్ను చూసి మానేసింది. బక్కచిక్కిపోయిందని చుట్టాలందరూ నన్నే అంటున్నారు. ఆషాఢంలో బోనాలు. తలుచుకుంటేనే భయంగా ఉంది. నేను చేసిన తప్పేమిటి? పాపను నేనే ఆపాలా? - ఒక సోదరి

జవాబు: మాంసం మానేయడంలో మీ తప్పేమీ లేదమ్మా. మీ కంచంలో ఏముండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. దానికి కార్తీకం సాకు అక్కర్లేదు, మీ ఆయన కొలెస్ట్రాల్ సాకు అంతకన్నా అక్కర్లేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మూడు వేర్వేరు సంగతులు మీ ఇంట్లో ఒకే ముడి పడ్డాయి. కోళ్ళను చూసి మీకు కలిగిన జాలి ఒకటి. మీ ఆయన ఆరోగ్యం రెండోది. వంటింట్లో ఎవరి మాట చెల్లాలన్నది మూడోది. మొదటిది చెప్పుకోవడానికి మొహమాటపడి, రెండోదాన్ని అడ్డం పెట్టుకుని మూడోది చేశారు. డాక్టర్ చెప్పింది మీ ఆయనకు. ఆ మాటతో ఇల్లంతటికీ మటన్ ఆగిపోయింది. ఆయనకూ మీ అత్తగారికీ ఇది తెలియకుండా ఉండదు. "మా ఆరోగ్యం పేరు చెప్పి తన పంతం నెగ్గించుకుంది" అని వాళ్ళు అనుకుంటే నేను ఆశ్చర్యపోను. ఈ ముడి విప్పితే సగం గొడవ తగ్గుతుంది.

ముందు అత్తమ్మ సంగతి. 2014లో కేంద్రం చేయించిన సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. అంటే ఈ నేలమీద ఆమె తిండి మామూలు తిండి, మీదే కొత్త. ఆమె ఊళ్ళో పెరిగిన రోజుల్లో మాంసం ప్రతి ఆదివారం దొరికేది కాదు. పండక్కో, చుట్టం వస్తేనో పెరట్లో కోడిని కోసేవాళ్ళు. దసరాకు నాలుగిళ్ళవాళ్ళు కలిసి యాటను తెచ్చి పోగులు వేసుకునేవాళ్ళు. బిడ్డకు, అల్లుడికి ముక్క పెట్టగలగడం ఆ తరానికి గౌరవం. ఆ గౌరవం వెనుక లేమిలో గడిచిన ఏళ్ళున్నాయి. ఇంకో బాధ కూడా ఉంది. మన సమాజంలో మాంసం తిననివాళ్ళను గొప్పగా, తినేవాళ్ళను తక్కువగా చూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. నగరంలో అద్దె ఇంటికి వెళ్తే శాకాహారులకే ఇస్తామనే మాట ఎన్ని కుటుంబాలు వినలేదు? "ఎవరి లెక్క బతుకుదామని" అన్న ఆమె మాటలో ఆ గాయం ఉంది. సొంత కోడలే తమ తిండిని చిన్నచూపు చూస్తోందని ఆమెకు అనిపించింది.

అందుకే గిన్నెలు వేరు చేయడం నాకు నచ్చలేదు. మీకు వాసన పడక చేసి ఉండవచ్చు. కానీ ముట్టు, అంటు పేరుతో మనుషుల్ని దూరం పెట్టిన చరిత్ర ఉన్న దేశంలో, తన గిన్నె కోడలికి పనికిరాదంటే ఆ పెద్దావిడకు అది ఎలా తగులుతుందో ఆలోచించండి. వాసనే ఇబ్బందైతే ఒక్క బాణలి మీ కూరలకు ఉంచుకోండి, కారణం వాసనేనని నోరు తెరిచి చెప్పండి. మిగతావన్నీ మళ్ళీ కలిపేయండి.

కనుమ నాటి సంగతిలో మాత్రం మీదే పొరపాటు. ఆ రోజు వచ్చింది ఆ ఇంటి ఆడబిడ్డ, అల్లుడు. వాళ్ళకు ఏం పెట్టాలన్నది మీ ఒక్కరి నిర్ణయం కాదు. వండటం ఇష్టం లేకపోతే ముందురోజే మీ ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఆయన వండేవాడో, బయట నుంచి తెప్పించేవాడో. అత్తమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గర కూర్చుని, "కనుమ నాడు నేను చేసింది తప్పే అత్తమ్మా, వదినకు, అన్నయ్యకు మర్యాద తక్కువ చేశాను" అనండి. అక్కడితో ఆపండి. ఆ వెంటనే "కానీ" అని మొదలుపెట్టొద్దు. జీవహింస మాట, ఆరోగ్యం మాట ఆ రోజు ఎత్తొద్దు.

ఇంకో రోజు కోళ్ళ గురించి మీ మనసులో ఉన్నది ఆమెకే చెప్పండి. పెరట్లో కోళ్ళను పెంచిన మనిషికి, ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్ కోడి బతుకు గురించి మీరు పాఠం చెప్పనక్కర్లేదు. "నాకు చూడబుద్ధి కావట్లేదు, అందుకే మానేశాను, మీరు తినడం తప్పని నేననుకోవట్లేదు" అంటే చాలు. అది నిజమైతేనే అనండి. వాళ్ళు తినడం తప్పని లోపల అనిపిస్తుంటే, ఆ మాట పైకి అనకపోయినా కంచం దగ్గర మీ ముఖం చెప్పేస్తుంది.

ఇక ఆదివారం వంట. మాంసం వండనని చెప్పే హక్కు మీకుంది. ఆ పని నొప్పుల మోకాళ్ళ మీద పడటం మాత్రం న్యాయం కాదు. ఇక్కడ మీరిద్దరూ వదిలేసిన మనిషి ఒకరున్నారు, మీ ఆయన. మన దావతుల్లో పెద్ద పెద్ద గంజులు పెట్టి మటన్ వండేది చాలాచోట్ల మగవాళ్ళే. తినాలనుకునే మనిషి తెచ్చుకోవచ్చు, కడుక్కోవచ్చు, వండుకోవచ్చు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉప్పు, కారం చెప్తుంది. ఈ మాట మీరే ఆయనతో అనండి, అత్తమ్మ ముందు అయితే ఇంకా మంచిది.

ఆయన ఆరోగ్యం గురించి ఉన్నమాట చెప్తాను. మాంసం మానేసినంత మాత్రాన కొలెస్ట్రాల్ దిగదు. మటన్ ఆపి ఆ చోట పూరీలు, బజ్జీలు, పనీర్ వేపుడు, రెండు రెట్ల తెల్లన్నం పెడితే కాలేయంలో కొవ్వు తగ్గకపోగా పెరగవచ్చు. పామాయిల్, డాల్డా మొక్కల నుంచి వచ్చినవే, గుండెకు మాత్రం మంచివి కావు. మందు అలవాటు ఉంటే దాని సంగతి ముందు తేల్చాలి. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు, కానీ అడగక తప్పదు. కాలేయానికి కొవ్వు పట్టినవాళ్ళకు డాక్టర్లు మామూలుగా చెప్పేది బరువు, తీపి, వేపుళ్ళు, మద్యం తగ్గించమని, నడవమని. తోలు తీసిన చికెన్, పులుసు పెట్టిన చేప ఎప్పుడైనా తింటే అభ్యంతరం పెట్టేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఆ మాత్రం కూడా దొరక్కుండా చేయడం వల్ల ఆయన బయట బిర్యానీకి వెళ్తున్నాడు. మీరు కోరుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు. ఈసారి డాక్టర్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఏం తినాలో ఆయనే అడగాలి, డాక్టరే చెప్పాలి. మీరు మధ్యలో రాయబారం చేయొద్దు.

తగ్గించడం అనే దారి ఒకటుంది. దాన్ని మీరు చూడలేదేమో అనిపించింది. మానేయడం మీ వరకు. ఇంటికి తగ్గించడం చాలు. మన పాత వంటల్లోనే ఆ దారి ఉంది. హైదరాబాద్ దాల్చా చూడండి: శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుపు, అందులో నాలుగు మటన్ ముక్కలు. దోసకాయ మటన్, గోంగూర మటన్, చింతచిగురు మటన్ కూడా కొంచెం మాంసాన్ని ఇంటిల్లిపాదికీ సరిపెట్టిన వంటలే. ఎండు రొయ్యలు గుప్పెడు వేస్తే సొరకాయ కూరంతా వాటి రుచే వస్తుంది. కిలో మటన్ వేపుడు చేసుకోవడం చేతిలో డబ్బు ఆడాక వచ్చిన అలవాటు. మీ ఆయన వండే రోజున కిలోకు బదులు అరకిలో తెచ్చి దాల్చా పెట్టమని అత్తమ్మనే అడగండి. ఆమెకు ఇది మీకన్నా బాగా తెలుసు. తన చేతి వంట మీద మీకు గౌరవం ఉందని కూడా ఆమెకు అర్థమవుతుంది.

మీరు వండే కూరలు కూడా మాంసానికి నకళ్ళుగా ఉండనక్కర్లేదు. ఆదివారం ఇంట్లో మసాలా ఘుమఘుమ లేకపోవడమే వాళ్ళకు పెద్ద లోటు. గసగసాలు, కొబ్బరి, ధనియాలు వేయించి నూరి వంకాయలోనో, పనసకాయలోనో వేసి చూడండి. ఉలవచారు, అలసంద వడలు, సర్వపిండి, సాయంత్రం శనగ గుడాలు... వీటికి ఏ పేరూ పెట్టకుండా వండి పెట్టండి. "చూశారా, మాంసం లేకపోయినా ఎంత బాగుందో" అనే మాట మాత్రం వద్దు. ఆ ఒక్క మాటతో ముద్ద గొంతులో అడ్డం పడుతుంది.

బోనాలకు మీరు భయపడాల్సిన పని లేదు. స్నానం చేసి, కొత్త కుండలో బెల్లం అన్నం వండి, పసుపు కుంకుమలు, వేపమండలు కట్టి అమ్మవారికి బోనం ఎత్తేది ఆడవాళ్ళే. అది మీ అత్తమ్మతో కలిసి మీరు చేయండి, ఏ లోటూ రానివ్వకండి. యాట సంగతి, ఆ తర్వాతి వంట సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. ఆ రోజు పంక్తిలో కూర్చుని మీ పప్పన్నం మీరు తినండి, వేరే గదిలోకి వెళ్ళొద్దు. ఎవరైనా ఎగతాళి చేస్తే మీ ఆయన జవాబు చెప్పాలి. అది ఆయనతో ముందే మాట్లాడుకోండి.

చివరగా పాప. ఆమెను ఆపొద్దు, పురికొల్పొద్దు కూడా. పన్నెండేళ్ళ పిల్లకు తనకంటూ ఒక జాలి, ఒక ఇష్టం ఉంటాయి. మీ గొడవల్లో మీ పక్షాన నిలబడటానికే మానేసిందా అన్నది మీరు గమనించాలి. నానమ్మ దగ్గర కూర్చుని ముక్క తినాలనిపిస్తే తినొచ్చని, అమ్మ బాధపడదని ఆమెకు మీ నోటితోనే చెప్పండి. తర్వాత ఆమె ఇష్టం.

కానీ చుట్టాలు బక్కచిక్కిందంటున్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మాంసం తినే ఇళ్ళలో పప్పును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ముక్క ఆగిపోగానే పిల్లల కంచంలో మిగిలేది చారు, పచ్చడి, అన్నం. నీళ్ళ పప్పుచారులో మాంసకృత్తులు ఎంతుంటాయి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఈ వయసు ఆడపిల్లకు రోజుకు 33 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. 13 దాటితే 43 దాకా. ఒక పూటకు పొడి కందిపప్పు 50 గ్రాములు తీసుకుని గట్టిగా వండితే 11 గ్రాములు, గుప్పెడు పల్లీలతో 7, గ్లాసు పాలతో 6 వస్తాయి. అన్నం, రొట్టెల్లోనూ కొంత ఉంటుంది. మీల్ మేకర్ పొడిది 25 గ్రాములు నానబెట్టి వండితే 12 దాటుతుంది. పాపకు అభ్యంతరం లేకపోతే గుడ్డు మాననివ్వకండి, ఒక్క గుడ్డుతో 6 గ్రాములు.

ఇనుము కోసం తోటకూర, ఉలవలు, నువ్వులు పెట్టండి, అన్నంలో నిమ్మకాయ పిండండి, లేదా భోజనమయ్యాక జామపండు ఇవ్వండి. వాటిలోని విటమిన్ సి తోడైతే శాకాహారంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. ఆ అలవాటు మీకుంటే గంట ఆగండి. బి12 మాత్రం ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ దొరకదు. పాలు, పెరుగు, గుడ్లలో కొంత ఉంటుంది. ఒంట్లో దాని నిల్వ ఏళ్ళ తరబడి సరిపోతుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆషాఢం వచ్చేలోపే మీరూ పాపా హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. తక్కువగా ఉంటే డాక్టర్ చెప్పిన మాత్రలు వాడండి. పాప ఎత్తు, బరువు కూడా చూడమని అడగండి. బాగానే ఎదుగుతోందని డాక్టర్ అంటే, ఆ మాట అత్తమ్మ కూడా వినేలా ఆమెను వెంట తీసుకెళ్ళండి.