పాత ఎముకల డీఎన్‌ఏతో వలసలే తెలుస్తాయా, ఆనాటి కుటుంబాల గురించి కూడా చెప్పగలరా?

చెప్పగలరు, నా దృష్టిలో అసలు విశేషం అదే. ఆసియా గడ్డి మైదానాల నుంచి వచ్చిన సంచార జాతి అవార్లనే తీసుకోండి. క్రీ.శ. 567-68లో ఇప్పటి హంగరీ ప్రాంతానికి వచ్చి రెండు వందల ఏళ్ళకు పైగా ఏలారు, కానీ తమ చరిత్ర తాము రాసి పెట్టలేదు, మనకు దొరికేవి ఎక్కువగా వాళ్ళతో యుద్ధాలు చేసిన బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), ఫ్రాంకుల (అప్పట్లో పశ్చిమ ఐరోపాను ఏలినవాళ్ళు) రాతలే.

పళ్ళలో, చెవి లోపలి గట్టి ఎముకలో డీఎన్‌ఏ బాగా నిలుస్తుంది. దాన్నిబట్టి అవార్ పాలకవర్గం పూర్వీకులు మంగోలియా వైపు వాళ్ళని 2022లో తేలింది. 2024లో ఇంకో అడుగు ముందుకేసి, నాలుగు శ్మశానాల్లోని 424 మందిని పరీక్షిస్తే దాదాపు 300 మందికి అదే శ్మశానంలో దగ్గరి బంధువులు దొరికారు, ఒక వంశవృక్షమైతే ఏకంగా తొమ్మిది తరాలు!

మగవాళ్ళు పుట్టినచోటే ఉండిపోయారు. తల్లులైన ఆడవాళ్ళ కన్నవాళ్ళు మాత్రం ఆ శ్మశానాల్లో లేరు, అంటే పెళ్ళై బయటినుంచి వచ్చినవాళ్ళన్నమాట. అన్నదమ్ములిద్దరికీ, ఒక్కోసారి తండ్రీకొడుకులకూ ఒకే స్త్రీతో పిల్లలున్నారు (తండ్రీకొడుకుల విషయంలో ఆమె ఆ కొడుకును కన్న తల్లి కాదు), భర్త పోయాక వితంతువును ఆ కుటుంబంలోనే మరొకరు చేసుకునే ఆచారం ఇది. మన మేనరికం లాంటివి మాత్రం అక్కడ కనిపించలేదు, దూరపు రక్తసంబంధం ఉన్నా కలుపుకోలేదు.

అయితే వాళ్ళు ఏ భాష మాట్లాడారో డీఎన్‌ఏ చెప్పదు. దానికి శాసనాలో, పేర్లో, ఇంకేదో ఆధారం ఉండాల్సిందే.