న్యూయార్క్ కాన్ఫరెన్స్ కోసం 3 లక్షల పర్సనల్ లోనా? వద్దమ్మా

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 29. నాటకాలకీ, నృత్య రూపకాలకీ, కంపెనీల అవార్డు ఫంక్షన్లకీ ఫ్రీలాన్స్ స్టేజ్ మేనేజర్. ఒక నెల 80 వేలు వస్తాయి, ఇంకో నెల 15 వేలు కూడా రావు, సగటున 45 వేలు. అమ్మతో కలిసి అద్దె ఇంట్లో ఉంటారు, ఇంటి ఖర్చు 31 వేలు, ఇది కాక చీటీకి నెలకి 10 వేలు. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలన్నీ ఉండే బ్రాడ్‌వే పేరుతో అక్కడ జరిగే స్టేజ్ మేనేజర్ల కాన్ఫరెన్స్, బ్రాడ్‌వే స్టేజ్ మేనేజ్‌మెంట్ సింపోజియానికి వెళ్ళాలని ఎప్పటినుంచో కోరిక. విమానం, వీసా, గది, తిండి అన్నీ కలిపి మూడున్నర లక్షలు అవుతుందని లెక్క వేసుకున్నారు. ఒక యాప్ 3 లక్షలు 18 శాతం వడ్డీకి ఇస్తానంటోంది, మిగతా 50 వేలు క్రెడిట్ కార్డు మీద. బ్యాంకులో ఉన్నది 38 వేలు. ప్రశ్న ఏమిటంటే, ఇంతకన్నా తక్కువ వడ్డీకి లోన్ ఎక్కడ దొరుకుతుంది?

చాలా ఉత్తరాల్లోంచి దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, "కెరీర్ మీద పెట్టుబడి" అనుకుంటూ అప్పు చేసేవాళ్ళు ఈ మధ్య వారానికి ఒకరైనా నా దగ్గరికి వస్తున్నారు. ఎడిటింగ్ కోర్సు అంటారు, ఫారిన్ వర్క్‌షాప్ అంటారు. పెట్టుబడి అనే పేరు పెట్టేసరికి అప్పు భయం పోతుంది. జీతం ఉన్నవాళ్ళు ఎలాగో గట్టెక్కుతున్నారు, నెలనెలా జీతం రానివాళ్ళే మునిగిపోతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. "రవీంద్రభారతిలో షో ఉంటే ప్రతి కార్డ్‌లెస్ మైక్‌కీ రెండు సెట్ల బ్యాటరీలు, వింగ్‌లో టార్చి, సేఫ్టీ పిన్నులు, హీరోయిన్‌కి రెండో చీర కూడా రెడీగా పెట్టుకుంటాను" అని రాశారు. రెండు గంటల నాటకానికి ఇంత ముందుచూపు ఉన్న మీరు ఇంటిని 38 వేలతో, అంటే నెలా వారం ఖర్చుతో నడుపుతున్నారు. మీ అసలు సమస్య వడ్డీ రేటు కాదు, ఇదీ.

లెక్క చూడండి. 3 లక్షలు 18 శాతానికి మూడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ సుమారు 10,850. వడ్డీయే 90 వేలు దాటుతుంది. 31 వేల ఇంటి ఖర్చు, 10 వేల చీటీ, ఈ ఈఎంఐ కలిపితే దాదాపు 52 వేలు, మీ సంపాదన 45. కార్డు బాకీ ఇందులో ఇంకా కలపలేదు, అది మిగిలిపోతే వడ్డీ నెలకి మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకన్నా ఎక్కువే లాగుతుంది. పైగా బిల్లు పెట్టిన రెండు నెలలకి గానీ ఈవెంట్ వాళ్ళు డబ్బు వేయరని మీరే రాశారు. ఇలాంటి ఆదాయం మీద అప్పు చేసి విమానం ఎక్కడానికి నేను ఎట్టి పరిస్థితుల్లోనూ సరే అనను, బ్యాంకు 11 శాతానికి ఇస్తానన్నా సరే.

మీరు వెళ్ళాలనుకుంటున్న బ్రాడ్‌వే సంగతే తీసుకుందాం. 2020 మార్చి 12న అక్కడి థియేటర్లన్నీ మూతపడ్డాయి, పెద్ద మ్యూజికల్స్ మళ్ళీ మొదలయ్యేసరికి 2021 సెప్టెంబర్ వచ్చింది. ఏడాదిన్నర! అక్కడి స్టేజ్ మేనేజర్లకి 1913లో పుట్టిన యాక్టర్స్ ఈక్విటీ యూనియన్ అండ ఉంది, నటులతో పాటు వాళ్ళూ సభ్యులే. ఇక్కడ ఫ్రీలాన్సర్‌కి ఎవరున్నారు? నాకు తెలిసిన ఒక సౌండ్ ఇంజనీర్ ఆ లాక్‌డౌన్‌లో ఈఎంఐలు కట్టలేక తన మిక్సర్‌ని సగం ధరకి అమ్మేశాడు. షోలు మొదలయ్యాక, అదే మిక్సర్‌ని కొన్నవాడి దగ్గర రోజు అద్దెకి తెచ్చుకుని పనిచేశాడు. అతని దగ్గర ఆరు నెలల ఖర్చు పక్కన ఉండి ఉంటే ఆ మిక్సర్ ఇంట్లోనే ఉండేది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కాబట్టి మీకు ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలలు చాలదు, తొమ్మిది నెలలది కావాలి. అంటే 2 లక్షల 80 వేలు. భయపడకండి, అంత దూరంలో ఏమీ లేరు. మీ 2 లక్షల చీటీకి ఇంకా ఏడు నెలలే ఉంది, ట్రిప్ కోసం ఇప్పుడే పాడేద్దామనుకుంటున్నారు కదా, ఆ పని చేయకండి, ఆఖరిదాకా ఆగితే దాదాపు మొత్తం చేతికొస్తుంది. ఇక మీ బిల్లుల్లో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కట్ చేస్తున్నారు, మీరేమో రిటర్న్ వేయడం లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడని ఈ రోజుల్లో ఆ డబ్బు ఎందుకు వదిలేస్తున్నారు? ఐటీ పోర్టల్‌లో మీ పాన్ మీద ఎంత కట్ అయిందో చూసుకుని గడువులోపు రిటర్న్ వేయండి. మీ లెక్క ప్రకారం ఈ ఏడాదిదే 45 వేలు. చీటీ, రిఫండ్, ఉన్న 38 వేలు కలిస్తే ఫండ్ నిండిపోయినట్టే. దాన్ని వేరే ఖాతాలో ఉంచండి, రోజూ ఫోన్‌పే చేసే ఖాతాలో వద్దు.

అమ్మగారికి షుగర్ ఉందన్నారు, హెల్త్ పాలసీ లేదన్నారు. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు, కాబట్టి ఈ నెలలోనే తీసుకోండి, షుగర్ సంగతి దాచకుండా రాయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

చీటీ అయిపోయాక, ఈఎంఐగా కడదామనుకున్న ఆ 10,850నే నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో (ఆర్‌డీ) వేయండి, రెండున్నరేళ్ళకి వడ్డీతో మూడున్నర లక్షలు అవుతుంది, అప్పుడు దర్జాగా వెళ్ళి రండి. ఈలోపు ఆన్‌లైన్‌లో వినే వీలుందేమో నిర్వాహకులకి మెయిల్ పెట్టండి, త్రిశూర్‌లో జరిగే అంతర్జాతీయ నాటకోత్సవానికి రైల్లో వెళ్ళి తెర వెనక పనిచేసేవాళ్ళతో పరిచయాలు పెంచుకోండి. ఎప్పుడు వెళ్ళినా వీసా చేతికి రాకముందు టికెట్ కొనకండి, 185 డాలర్ల ఫీజు కూడా వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు.

నిన్ననే యాప్‌లో ఆధార్, పాన్ అప్‌లోడ్ చేశానని చివర్లో రాశారు. వెంటనే క్యాన్సిల్ చేయండి. ఒకవేళ డబ్బు ఖాతాలో పడిపోయినా, రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది, ఆలోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఆ గడువు ఒక్క రోజే కావచ్చు, అందుకని ఇది చదవగానే లోన్ అగ్రిమెంట్ తెరిచి చూడండి.