గుండెకు స్టెంట్ వేసిన నాన్నగారికి చిగుళ్ల రక్తం: పళ్ల క్లీనింగ్‌కు మాత్రలు ఆపాలా?

ఆపొద్దండీ. రక్తానికి అసలు కారణం చాలావరకు పళ్ల మొదళ్లలో పేరుకున్న గార. దాంతో చిగుళ్లు వాస్తాయి. స్టెంట్‌లో (గుండె రక్తనాళంలో వేసిన చిన్న జాలీ గొట్టంలో) రక్తం గడ్డకట్టకుండా ఆయన వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రల వల్ల ఆ రక్తం త్వరగా ఆగదు. రక్తం చూసి ఆయన బ్రష్ మానేశారన్నారు, దాంతో గార ఇంకా పెరుగుతుంది.

1. క్లీనింగ్ చేయించండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: ముందు రోజే సొంతంగా మాత్రలు మానేస్తారు. స్టెంట్ వేసి ఆరు నెలలే అయింది. ఇప్పుడు ఆపితే అందులో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. చిగుళ్ల రక్తమైతే గాజుగుడ్డ గట్టిగా నొక్కిపెడితే సాధారణంగా ఆగిపోతుంది. మందుల చీటీ డెంటిస్టుకు చూపించండి, అవసరమైతే గుండె డాక్టరుతో మాట్లాడమనండి.

2. మెత్తని బ్రష్, రెండు పూటలా, రెండేసి నిమిషాలు. కుచ్చు చిగురు అంచుకు ఏటవాలుగా తగలాలి.

3. గుండెలో కృత్రిమ వాల్వ్ కూడా ఉంటే డెంటిస్టుకు తప్పక చెప్పండి, ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. స్టెంట్ ఒక్కటే అయితే మామూలుగా అక్కర్లేదు.

చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపిస్తుంది కానీ, అదే కారణమని తేలలేదు. ఆ టెన్షన్ వద్దు.

మలం నల్లగా వచ్చినా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించినా అదే రోజు గుండె డాక్టరుకు ఫోన్ చేయండి.