పాత టైర్లకు కొత్త స్టడ్లు కొట్టించొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి స్వీడన్‌లోని ఉమియోలో చదువుతున్నడు. ఈమధ్య పాత కారు కొన్నడు. దాని చలికాలం టైర్లకు మంచుగడ్డ మీద జారకుండ సన్న మేకుల లాంటి స్టడ్లు ఉన్నయట. ముందు టైర్లల్ల చాలా ఊడిపోయినయి. ఆ జాగల కొత్తవి కొట్టించొచ్చా? ఎండకాలం రాంగనే అన్నీ పీకేసి అవే టైర్లు నడిపిస్తా అంటున్నడు.
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: కొట్టించొద్దనండి, పీకొద్దనండి. హన్మకొండల ఈ షాపు పెట్టకముందు నేను ఆ దిక్కే రెండు చలికాలాలు టైర్ల పని చేసిన.

మన దగ్గర ఎడ్ల నాడాలు అరిగితే మళ్లీ కొట్టిస్తం. స్టడ్డు అట్ల కాదు. నడుమ టంగ్‌స్టన్ కార్బైడ్ ముల్లు, అడుగున గుండీ లెక్క వెడల్పాటి అంచు ఉంటది. దానికి గుంటలు టైరు అచ్చులనే పడతయి. కొత్త టైరు గుంటల సబ్బునీళ్లు వేసి స్టడ్లు దించే గన్ను మూతి పెట్టి నొక్కితే, దాని మూతికున్న వేళ్ల లాంటి కొనలు రబ్బరును విడదీస్తయి, స్టడ్డు టప్పున దిగుతది. ఆ కొనలు బయటికి రాంగనే రబ్బరు ముడుచుకొని ఆ అంచును పట్టేస్తది. పైకి కనపడేది మిల్లీమీటరు పైచిలుకే. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగ నడిపితే ఆ పట్టు బిగుస్తది.

నడిచిన టైరు గుంటల ఇసుక చేరతది, రబ్బరు అరిగి లోతు తగ్గుతది. అందుల కొత్తది పెడితే ఎత్తుగ నిలబడి ఎగిరిపోతది. ఒకసారి యజమాని మాట కాదనలేక పాత టైర్లకు నేనే కొట్టిన. వారం తిరగకముందే బండి వెనక్కొచ్చింది, సగం గుంటలు ఖాళీ. వెనక సీట్ల చిన్నపిల్ల కూసోని ఉండె. ఆ పిల్ల మొఖం ఇప్పటికీ యాదికొస్తది.

ముందు టైర్లకే ఊడినయన్న మాట నన్ను భయపెట్టింది. ముందు పట్టు లేకుంటే మంచుగడ్డ మీద స్టీరింగు తిప్పినా బండి సీదా పోతది. ముందు రెండే కొత్త టైర్లు వేస్తే వెనక భాగం జారి అడ్డం తిరుగుతది. టైరుకూ టైరుకూ స్టడ్ల సంఖ్యల తేడా 25 శాతం దాటొద్దని అక్కడి చట్టం. నాలుగింటివీ కూసోని లెక్కపెట్టమనండి. తేడా ఎక్కువుంటే నాలుగూ మార్చాలె. ఖర్చే, కానీ కొడుకు కదా.

పీకుడు కష్టమేం కాదు. సన్న స్క్రూడ్రైవరుతో అంచు కదిలించి పట్టకారుతో మెలితిప్పి లాగితే వస్తది, గాలి పోదు. కానీ అది చలికి చేసిన మెత్తటి రబ్బరు. ఎండకాలం రోడ్డు మీద జల్ది అరుగుతది, బ్రేకు కొడితే బండి దూరం పోయి ఆగుతది. వేరే సెట్టు పెట్టుకోవాలె. విప్పినప్పుడు ఏ చక్రం ఏ దిక్కుదో చాక్‌పీసుతో రాయమనండి. తిరిగే దిక్కు మారితే స్టడ్లు వదులైతయి.

అక్కడ మామూలుగ అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా స్టడ్లు నడపొచ్చు. ఎండ కనపడ్డదని మార్చిలనే విప్పనియ్యకండి. పగలు కరిగి రాత్రి గడ్డకట్టేది అప్పుడే. సున్నా డిగ్రీల దగ్గర తడి మంచుగడ్డ అన్నిటికన్న జారుడు, స్టడ్డు పనికొచ్చేది అక్కడనే.