గీతల సంఖ్య చూసి లేజర్ కొనకండి

"ఇల్లు కట్టిస్తున్నాను. కొలతలకు చిన్న సెల్ఫ్ లెవెలింగ్ లేజర్ కొనాలి. 12 గీతలదా, 16 గీతలదా? ఎరుపా, ఆకుపచ్చా?" అని అడిగారు.

ముందు ఒక మాట. ఆ యంత్రం ఏదీ కొలవదు. గోడ మీద మట్టంగా ఒక గీత, నిట్టనిలువుగా ఒక గీత వేస్తుంది, అంతే. గదుల పొడవు వెడల్పులు చెప్పేది దూరం కొలిచే లేజర్, అది వేరే వస్తువు. రెండింటినీ ఒకే అరలో పెట్టి, అడిగేదాకా తేడా చెప్పని దుకాణాలంటే నాకు ఒళ్లుమంట.

ఇక గీతల లెక్క. చుట్టూ తిరిగే ఒక గీత నాలుగు వైపులా పడుతుంది కాబట్టి దాన్ని నాలుగని లెక్కపెడతారు. 12 అంటే మూడు చుట్లు, 16 అంటే నాలుగు. పెట్టె మీద వీటికే 3డి, 4డి అని పేర్లు. నేల మీద టైల్స్ పరిచేవాడికి కింద పడే ఆ అదనపు చుట్టు పనికొస్తుంది. మీకు మాత్రం ఒక అడ్డగీత, ఒక నిలువుగీత చాలు. చూడవలసింది లోపలి లోలకాన్ని. దాని గురించి ఎవరూ అడగరు.

నేను ఇళ్ల లోపలి పనులు చేయిస్తుంటాను. గుంటూరులో ఒక ఫ్లాటు పని నడుస్తోంది. టైల్స్ మేస్త్రి తన లేజర్‌తో హాలు చుట్టూ మీటరు ఎత్తున పెన్సిలు గీత కొట్టి ఉంచాడు. తలుపులు, వంటగట్టు, స్విచ్చుబోర్డులు అన్నీ ఆ గీత నుంచే. తరువాత ఫాల్స్ సీలింగ్ కుర్రాడు ఖరీదైన ఆకుపచ్చ లేజర్‌తో దిగాడు. ట్రైపాడ్ విప్పకముందే దాని ధర చెప్పేశాడు. కిటికీ గోడ మీద మేస్త్రి గీతకు సరిగ్గా కలిపాడు. ఎదుటి గోడకు వెళ్లేసరికి అతని గీత వేలు మందం పైన పడింది.

"మేస్త్రీ, మీ లెవెల్ తప్పు" అన్నాడు.

"ఆ లెవెల్‌కే గట్టు రాయి కూడా వేసేశాను తమ్ముడూ. తప్పు ఎవరిదో ముందు తేల్చు" అన్నాడు మేస్త్రి.

ఇంటి యజమాని ఫోనులో ఏదో యాప్ తెరిచి తీర్పు చెప్పబోయాడు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు యంత్రాలనూ తిప్పి చూడమన్నాను.

అదేమంత విద్య కాదు. యంత్రాన్ని ఒక గోడ దగ్గర పెట్టి, ఆ గోడ మీద గీత పడినచోట గుర్తు పెట్టాలి. ఎత్తు మార్చకుండా తిప్పి ఎదుటి గోడ మీద మరో గుర్తు పెట్టాలి. తరువాత యంత్రాన్ని ఎదుటి గోడ దగ్గరికి మార్చి, గీత అక్కడి గుర్తు మీదే పడేలా ఎత్తు సరిచేసి, మళ్లీ మొదటి గోడ వైపు తిప్పాలి. గీత పాత గుర్తు మీద పడాలి. ఆ హాలు 6 మీటర్లు, పోను రాను 12. మీటరుకు 0.3 మిల్లీమీటర్లని పెట్టె మీద రాసిన యంత్రానికి 3.6 మిల్లీమీటర్ల దాకా క్షమించవచ్చు. కుర్రాడి యంత్రం రెండు వేళ్ల మందం తేడా చూపింది. మేస్త్రిది చవకది, రెండే గీతలది. అది పెన్సిలు మొన అంత కూడా కదల్లేదు.

ఆరా తీస్తే, కుర్రాడు తన యంత్రాన్ని లోలకం తాళం వేయకుండా స్కూటరు డిక్కీలో వేసుకొని తిరుగుతున్నాడు. లోపల లేజర్లు లోలకానికి వేలాడుతుంటాయి, అయస్కాంతాలు దాని ఊపును ఆపుతాయి. మన గతుకుల రోడ్ల మీద తాళం లేకుండా తిరిగితే ఏ దేశపు యంత్రమైనా మట్టం తప్పుతుంది. కాబట్టి తాళం గట్టిగా పడేది కొనండి. మీటరుకు ఎంత తేడానో స్పష్టంగా రాసి ఉన్నది కొనండి. సాధారణంగా 4 డిగ్రీల వంపు దాకా ఇవి తమంతట తామే సర్దుకుంటాయి. అంతకు మించి వంగినప్పుడు గీత మిణుకుమిణుకుమనాలి, లేదా ఆరిపోవాలి. ఏమీ ఎరగనట్టు వంకరగీత వేసే యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వకండి. వాపసు గడువు ఉండగానే పైన చెప్పిన పరీక్ష చేయండి.

రంగు సంగతికి వస్తే, ఆకుపచ్చే. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర బాగా చూస్తుంది. ఆకుపచ్చ లేజర్ ఇంచుమించు 520, ఎరుపు 635. కిటికీలకు తలుపులు కూడా పెట్టని ఇంట్లో మధ్యాహ్నం ఎరుపు గీత కోసం వెతుక్కోవాలి. ఆకుపచ్చది బ్యాటరీని ఎక్కువ తింటుంది, తిననివ్వండి. పెట్టెలో వచ్చే రంగు కళ్లజోడు గీత బాగా కనిపించడానికే, కంటికి రక్షణ కాదు. లేజర్ భద్రత తరగతి క్లాస్ 2 అని రాసి లేనిదాన్ని పిల్లలు తిరిగే ఇంట్లో వాడవద్దు.

లేజర్ చేతికి రాగానే యజమానులకు పట్టే ఇంకో జబ్బు ఉంది. బాత్రూము నేలను కూడా మట్టంగా వేయమంటారు. నీళ్లు గుమ్మం దగ్గర నిలిచాక మేస్త్రిని తిడతారు. అక్కడ మీటరుకు సుమారు సెంటీమీటరు వాటం ఉండాలి. లోలకానికి తాళం వేసి యంత్రాన్ని వంచితే కొన్ని రకాలు ఆ వాలు గీత కూడా వేస్తాయి, ఆ సదుపాయం ఉందో లేదో అడగండి.

ప్రహరీ గోడకూ వాడతానంటే, ఎండలో ఏ రంగు గీతా కనిపించదు. కంటికి కనిపించని గీతను పట్టి చూపే రిసీవర్ కావాలి, అది పనిచేయాలంటే యంత్రంలో గీతను అతివేగంగా వెలిగించి ఆర్పే పల్స్ మోడ్ ఉండాలి. అంత డబ్బు పెట్టే బదులు ఆరుబయటకు నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శకపు గొట్టం తెచ్చుకోండి. మూల తిరిగిన గోడకు కూడా అది మట్టం చూపిస్తుంది. గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకోండి.