నాటకం వీడియోలో ప్రాణమెందుకు పోతోంది?

ప్రశ్న: మా సమాజం ఆడిన రాయబారం సీనును సెల్‌ఫోన్‌తో తీశాం. హాల్లో వన్స్‌మోర్లు పడిన పద్యాలు వీడియోలో తేలిపోయాయి. కృష్ణుడి ముఖం తెల్లగా మాడిపోయింది. ఎందుకని?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు శబ్దం చూసుకోండి, పద్యనాటకానికి అదే ప్రాణం. వెనక వరుసలోని ఫోన్‌కు ఫ్యాన్ల హోరు, గోడల ప్రతిధ్వనే ఎక్కువ అందుతాయి. మైకుల శబ్దాన్ని కలిపే మిక్సర్ లైన్ అవుట్ (శబ్దం బయటికిచ్చే సాకెట్) నుంచి విడి రికార్డరుకు వైరు లాగండి. రాగం తారస్థాయికి వెళ్లినా రికార్డరు మీటరు -12 డెసిబెల్స్ దగ్గరే ఉండాలి. సున్నాను తాకితే గొంతు పగులుతుంది, ఆ పైన బాగుచేయడం దాదాపు అసాధ్యం. శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో లెవెల్ తప్పకుండా ఆపేయండి. లేకపోతే గాయకుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా హార్మోనియం మీదికొచ్చి పడుతుంది. చప్పట్ల కోసం హాల్లో ఇంకో మైకు పెట్టండి, అవి లేని నాటకం చప్పగా ఉంటుంది.

ముఖం మాడింది వెనకున్న నల్లతెర వల్ల. చీకటి ఎక్కువుందనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది. ముఖం మీద ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) లాక్ చేసి కాస్త తగ్గించండి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు లైట్లు మినుకుమనవు.

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) సురభి నాటకం నుంచి వచ్చిందే. నాటకాన్ని కెమెరా చంపదు, తొందరపాటు కట్‌లు చంపుతాయి. రాగం పూర్తయ్యేదాకా షాటు మార్చకండి.