కథ ఎక్కడ ఆగిందో అక్కడ వెతుకు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రాయగడ నుంచి నువ్వు పంపిన కట్ట అందింది. ముందు ఉత్తరం చదివి, తర్వాత మూడు రాతప్రతులూ వరసగా చదివాను. నవల మొదలుపెట్టే ముందు ప్రణాళిక వేసుకోవడానికి ఏ పద్ధతి మంచిదని అడిగావు. నెలలో మూడు పద్ధతులు మార్చానని, ఒక్కటీ కుదరలేదని రాశావు. పద్ధతుల మాట కాసేపు పక్కన పెడదాం నాయనా. నీ రాతప్రతుల్లో నాకు కనిపించినది ముందు చెబుతాను.

మూడూ ఒకే చోట ఆగాయి. మొదటి కథలో అతను నౌపడా స్టేషన్‌లో టిక్కెట్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. రెండో కథలో పొలం కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. మూడో కథలో అన్నతో గొడవపడి గుమ్మంలో నిలబడ్డాడు. మూడు చోట్లా అతను ఏదో ఒకటి తేల్చుకోవాలి. నువ్వు తేల్చుకోనివ్వలేదు. కలం పక్కన పెట్టి కొత్త కథ ఎత్తుకున్నావు. కథల పేర్లు మారినా అడ్డంకి మారలేదు.

ప్రతి రచయితకూ ఇలా కాలు ఆడని చోటు ఒకటి ఉంటుంది. కొందరికి ఎత్తుగడ బ్రహ్మాండంగా వస్తుంది, నడిమి భాగం నీరుగారిపోతుంది. కొందరికి ముగింపు దొరకదు. కొందరికి సంఘటనలన్నీ సిద్ధంగా ఉంటాయి కానీ మనుషులు మాట్లాడరు. ఎవరి చోటు వారు కనిపెట్టుకున్నాకే పద్ధతి వెతుక్కోవాలి. ఇంకొకరికి పనిచేసిన పద్ధతి నీకు పనిచేయకపోతే అది నీ చేతగానితనం కాదు. వారి జబ్బు వేరు, నీ జబ్బు వేరు.

నా సంగతి చెబుతాను. నా మొదటి నవలకు పొడుగాటి లెక్కల పుస్తకంలో నలభై రెండు పేజీల ప్రణాళిక రాసుకున్నాను. ఏ అధ్యాయంలో ఎవరు ఏడవాలో, ఎవరు తలుపు వేయాలో అంతా అందులో ఉంది. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి రాయబుద్ధి కాలేదు. కథ మొత్తం నాకు నేను చెప్పేసుకున్నాను, ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు. పదకొండు నెలలు అలా పోయాయి. ఆ కోపంతో రెండో నవల ఏ ప్రణాళికా లేకుండా మొదలుపెట్టాను. రెండు వందల పేజీలు సాఫీగా నడిచాయి. అప్పుడు గుర్తొచ్చింది, మూడో అధ్యాయంలో పురిటికి పుట్టింటికి పంపిన చిన్న కోడలు తిరిగి రాలేదని. ఆ పిల్ల ప్రసవించిందో లేదో కూడా నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనం పుట్టించిన మనిషిని మనమే మరచిపోవడం చిన్న తప్పు కాదు.

ఆ రెండు దెబ్బల తర్వాత నా కొలత నాకు తెలిసింది. నాకు ముగింపు తెలియాలి, మధ్యలో అయిదారు మజిలీలు తెలియాలి, వాటి నడుమ ఏం జరుగుతుందో మాత్రం తెలియకూడదు. నౌపడాలో రైలెక్కితే టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, చివరికి గుణుపురం వస్తాయని తెలుసు. పెట్టెలో పక్కన ఎవరు కూర్చుంటారో, ఏం మాట్లాడతారో తెలియదు. నాకు అంత తెలిస్తే చాలు. నీకు చాలదేమో. అందుకే నా పద్ధతే పట్టుకోమని చెప్పడం లేదు.

ర్యాండీ ఇంగర్మాన్సన్ అనే అమెరికన్ రచయిత చెప్పిన మంచుపలుకు (స్నోఫ్లేక్) పద్ధతి ప్రయత్నించానని రాశావు. ఆయన చదివింది భౌతికశాస్త్రం, ఆ క్రమశిక్షణ పద్ధతిలో కనిపిస్తుంది. కథను ముందు ఒక్క వాక్యంలో చెప్పాలి, దాన్ని ఒక పేరాగా పెంచాలి, తర్వాత ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ, అలా మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోవాలి. కథ చేతిలోంచి జారిపోయే వాళ్ళకు ఇది మంచి మందు. ఆ వాక్యం పదిహేను మాటలు దాటకూడదని ఆయన అంటాడు. మన తెలుగులో ఒక్క క్రియలోనే ఎవరు, ఎప్పుడు అన్నవి ఇమిడిపోతాయి కాబట్టి పది మాటలు చాలు. నీకు ఇది కుదరకపోవడానికి కారణం నువ్వు రాసిన వాక్యంలోనే ఉంది: "ఊరు రెండుగా చీలినప్పుడు ఒక యువకుడి సంఘర్షణ." ఇందులో అతను చేసిన పని ఏది? మళ్ళీ గుమ్మంలోనే నిలబెట్టావు.

కాబట్టి మరే పట్టికా ముట్టుకోకుండా ఈ ఒక్క పని చెయ్యి. ఆ గుమ్మం సన్నివేశాన్ని రెండు సార్లు రాయి. ఒకసారి అతను వెళ్ళిపోతాడు, ఒకసారి ఉండిపోతాడు. ఒక్కోటీ రెండు పేజీలు, ఒక్కోటీ ఒక్క కూర్చోవడంలో. మర్నాడు పొద్దున రెండూ పైకి చదువు. ఎక్కడ గొంతు పట్టేస్తుందో అదే నీ కథ. ఆ నిర్ణయానికి అతన్ని నెట్టినవి ఏమిటని వెనక్కి నడు, ఒక్కొక్కటిగా రాసుకో. చివరి నుంచి మొదటికి వేసుకునే ఈ ప్రణాళికే నీకు నప్పుతుందని నా నమ్మకం.

దీనితోపాటు నీ నవలకు ఒక పంచాంగం కావాలి. చరిత్ర తాకే కథ కనుక ఇది తప్పదు. పుస్తకంలో మూడు నిలువు గీతలు గీయి: సంవత్సరం, బయట జరిగినది, ఇంట్లో జరిగినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్ళింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇక్కడే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే ఊరు వదిలి వెళ్ళారు. ఇవి బయటి గీతలో ఉంటే ఇంటి గీతలో తప్పులు దొరుకుతాయి. నీ కథానాయకుడు 1925లో గుణుపురానికి రైలెక్కాడు. అప్పటికి ఆ చిన్న రైలు పర్లాకిమిడిలోనే ఆగేది. పట్టాలు గుణుపురం చేరింది 1931లో. ఇంకొకటి, నువ్వు ఇచ్చిన వయసులు కూడితే తల్లికి కొడుకు కన్నా తొమ్మిదేళ్ళే ఎక్కువ. పంచాంగం ముందుంటే ఈ రెండూ మొదటి రోజే పట్టుబడేవి.

సన్నివేశాలు పోగయ్యాక అట్టలు వాడు. నేను పాత శుభలేఖలు కత్తిరించి దాచుకుంటాను. మన వైపు మడత లోపల ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు అచ్చు వేస్తారు కదా, అచ్చు లేని వెనక భాగం పోస్టుకార్డులో సగం వస్తుంది. ఒక్కో సన్నివేశానికి ఒక్కో ముక్క. ఎవరు, ఎక్కడ, ఏం మారింది, మూడే మాటలు. మూడోది రాయడానికి ఏమీ తోచకపోతే ఆ సన్నివేశం అక్కర్లేదు. భోజనాలయ్యాక ఫ్యాను కట్టేసి చాప మీద పరిచి అటూ ఇటూ జరిపి చూస్తాను. నబొకోవ్ కూడా కార్డుల మీదే నవలలు రాసేవాడు. అమెరికాలో ఫాక్నర్ అయితే ఒక నవల ప్రణాళికను తన గది గోడ మీదే రాసుకున్నాడు. నువ్వు ఉండేది అద్దె ఇల్లు కనుక అట్టలే మేలు.

ఒక్కో అట్ట మూలలో ఒక అక్షరం వెయ్యడం మరచిపోకు. మాటలు తెలుగులో సాగితే తె, ఒడియాలో అయితే ఒ, సవరలో అయితే స. మన ప్రాంతపు కథలకు ఇది చాలా అవసరం. నీ రాతప్రతిలో కచేరీ గుమాస్తా, సంతలో సవర ముసలమ్మ, ఇంట్లో నాయనమ్మ ముగ్గురూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు. ఎవరు తమ భాష వదిలి అవతలివాళ్ళ భాషలోకి వచ్చారో, ఎందుకు వచ్చారో నీకు తెలిస్తే సగం సంభాషణ దానంతట అదే వస్తుంది. అట్టలన్నీ పరిచినప్పుడు వరసగా ఇరవై తె-లు కనిపిస్తే ఏదో దాటేశావని అర్థం.

ప్రణాళిక పనికి మూడు వారాలు గడువు పెట్టుకో. ఆ తర్వాత పూర్తయినా కాకపోయినా మొదటి అధ్యాయం మొదలుపెట్టు. రాస్తూ ఉండగా ఎవరైనా నువ్వు గీసిన గీత దాటి నడిస్తే వెనక్కి లాగకు, అట్ట మార్చు. చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక్కో అధ్యాయంలో నిజంగా ఏం జరిగిందో ఒక్కో వాక్యంలో మళ్ళీ రాసి చూసుకో. నా చిన్న కోడలు అలాగే ఇల్లు చేరింది, చంకలో ఆడపిల్లతో.

రథయాత్రకు వస్తానన్నావు. ఆ గుమ్మం సన్నివేశాలు రెండూ తీసుకురా, నా ఎదుట పైకి చదువుదువుగాని. కత్తెర, శుభలేఖలు నా దగ్గర ఉన్నాయి. నీ మూడు రాతప్రతులూ బీరువాలో భద్రంగా పెట్టాను, రెండోదాంట్లో మీ తాతగారి పొలం గట్టు వర్ణించిన పేజీ మాత్రం విడిగా తీసి నా దగ్గరే ఉంచుకున్నాను.

అత్తయ్య